మా వదిన గంజి తియ్యగా ఎందుకుందంటే

మా మన్నెమ్మ వదినకు గంజి కాయడం రాదన్న సంగతి మా వాడకట్టులో నిన్న పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. మా చుట్టాల్లో ఎవరికైనా తెలియదంటే వాళ్ళు మా చుట్టాలు కారన్నమాట. పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, ఆఖరికి పదోరోజు భోజనాల్లో కూడా ఆ కథ చెప్పుకొని నవ్వుతూనే ఉన్నారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే అందరికన్నా కాస్త గట్టిగానే నవ్వాను. ఎందుకంటే ఆ గంజి పాడుచేసింది నేను.

ఈ ఒక్క మాట బయటపెట్టడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. చెంబెడు పాలు, డబ్బాడు పొడి చేతికిస్తే ఇరవై రెండేళ్ళ మగవాడు ఒక ఇంటిని, ఒక వీధిని, ఊళ్ళోని సగం మేకల్ని ఎలా ఆగం చేయగలడో ఇప్పుడు వివరంగా చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

మేము నేతవాళ్ళం. చౌటుప్పల్‌కు నడిచిపోయేంత దూరంలో, సడక్ పక్కన మా ఊరు. నేత ఇంట్లో గంజి అంటే తాగే గంజి అనుకునేరు. జొన్నపిండితో కాచి, ఒక రాత్రంతా కుండలో ఉంచి, తెల్లవారకముందే వీధిలో బారుగా చాపిన పడుగు దారాలకు పెద్ద కుంచెతో పట్టించే గంజి అది. అది సరిగా పడితేనే దారం మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. గంజి చెడితే పడుగు చెడుతుంది, పడుగు చెడితే ఆ నెల పొయ్యి చల్లబడుతుంది. అందుకే కొత్త కోడలు పనిమంతురాలా కాదా అన్నది మా వాళ్ళు ఆమె వండిన కూర చూసి చెప్పరు. కాచిన గంజి చూసి చెబుతారు.

అది పోలీసు చర్య జరిగిన ఏడాది చలికాలం. రజాకార్ల భయానికి ఊరు విడిచి, వాళ్ళ గొడవ అణిగాక తిరిగొచ్చాం. వచ్చేసరికి సడక్ పక్కన మిలట్రీ క్యాంపు వెలిసింది. గుట్టల్లో ఉన్న సంగపోళ్ళ కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం, వాళ్ళు వెతుకుతున్నారు. సంగపోళ్ళకు అన్నం పెట్టాడని ఎవరో చెబితే మా నర్సింహ అన్నను పట్టుకుపోయారు. పెట్టాడా లేదా అని నన్ను అడగకండి. ఆకలితో తలుపు తట్టినవాణ్ణి నువ్వెవరని అడిగే అలవాటు మా అమ్మకు లేదు. పన్నెండు రోజులు ఉంచుకొని వదిలేశారు.

అన్న ఇంటికైతే వచ్చాడు గాని మాట ఇంటికి రాలేదు. దర్వాజ పక్కన మోకాళ్ళు పట్టుకొని కూర్చునేవాడు. వదిన జొన్నరొట్టె ముందు పెడితే రెండు తుంపులు తిని చెయ్యి కడిగేవాడు. అప్పటికి వాళ్ళ పెళ్ళయి రెండేళ్ళు. వదినది పాలమూరు దిక్కు, షాద్‌నగర్ దాటి ఇంకా లోపలికి. ఆమె చెంబుతో నీళ్ళు పట్టుకొని అతని పక్కన నిలబడి ఉండేది. అతను తాగనూ తాగడు, వద్దని కూడా అనడు.

ఆ రోజుల్లోనే క్యాంపు వాళ్ళకు మంచాలకు నవారు కావలసి వచ్చింది. బాపు నేసి ఇచ్చాడు గాని, కొడుకును పట్టుకుపోయిన జాగాలో అడుగు పెట్టనన్నాడు. కాబట్టి నేను పోయాను. నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదివిన పండితుణ్ణి కదా, మాట్లాడగలనని ఒక సాకు. అసలు సంగతి, ఆ గుడారాల్లో ఏముందో చూడకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

వంటవాడు నవారు చుట్టలు దించుకొని, చలికి వణుకుతున్న నా చేతిలో ఒక ఇనుప మగ్గు పెట్టాడు. అందులో రేగడి మట్టి రంగు పాలు. పొగలు వస్తున్నాయి.

"మందా?" అని అడిగాను ఉర్దూలో.

"మందు కాదు. కోకో. తాగు."

తాగాను. ఏమని చెప్పను. గొంతు నుంచి మడమల దాకా ఎవరో లోపల కొత్త గొంగడి కప్పినట్టయింది. కొంచెం చేదు, దాని వెనకాలే తీపి, దాని వెనకాల ఇంకేదో. ఆ ఇంకేదో ఏమిటో తేల్చుకుందామని మగ్గు అడుగంతా వేలితో నాకాను.

"ఇది చెట్టుకు కాస్తదా, భూమిలో ఊరుతదా?" అని మొదలుపెట్టాను.

"గింజ."

"ఏ నేలలో పండుతది? రేగడా, చెలకనా? దంచుతరా, విసురుతరా? పెంకు తీస్తరా, తియ్యరా?"

వంటవాడికి ఉల్లిగడ్డలు కోసే పనుంది. "యుద్ధంలో మాట పడిపోయి వచ్చిన కుర్రాళ్ళకు ఇదే పోసేవాణ్ణి. రెండో మగ్గుకు ఇంటి సంగతులు చెప్పేవాళ్ళు. నీకు మొదటి మగ్గుకే ఇన్ని మాటలు వస్తున్నాయి" అన్నాడు.

నేను అక్కడే ఆగిపోయాను. మాట పడిపోయినవాళ్ళకు మాట వచ్చిందట. "మా అన్నకు..." అని మొదలుపెట్టి, ఏ అన్నో చెబితే ఏమవుతుందోనని మింగేశాను. అతను నా ముఖం చూశాడు. సొట్టపడ్డ డబ్బా ఒకటి, ముప్పావు నిండుగా ఉన్నది, నా సంకలో పెట్టాడు. ఎలా చేయాలో కూడా చెప్పాడు. ముందు చల్లటి పాలలో పొడి మెత్తగా కలుపుకోవాలట, ఆ తరువాత వేడిపాలు పోయాలట, మనిషికి ఒక చంచా, పైన చక్కెర. అతను ఇదంతా చెబుతున్నప్పుడు నేను డబ్బా మీద బొమ్మలో ఉన్న చెట్టు మామిడా, మోదుగా అని చూస్తున్నాను. నాకు గుర్తున్నది "మనిషికి ఒక చంచా" అన్న ముక్క ఒక్కటే.

డబ్బా ఇంట్లో చూపించడానికి లేదు. మిలట్రీ ఇచ్చిందంటే అమ్మ సడక్ దాకా విసిరికొడుతుంది. పైగా క్యాంపు నుంచి కానుకలు తెచ్చుకునేవాడంటే ఊళ్ళో ఏమనుకుంటారో, గుట్టల్లో ఏమనుకుంటారో వేరే చెప్పనక్కరలేదు. గడ్డివాములో దాచాను.

రెండు రోజులకు సందు దొరికింది. వీధి చివర ఎవరికో ఆడపిల్ల పుట్టిందని అమ్మ, వదిన పొద్దు గుంకేవేళ చూడపోయారు. బాపు గుంట మగ్గంలో ఉన్నాడు. అన్న దర్వాజ దగ్గర. పక్కింటి పోచయ్య తాతను అన్నకు మందులోకని చెప్పి చెంబెడు బర్రెపాలు అడిగి తెచ్చాను. పొయ్యి రాజేశాను. అంతకుముందు ఆ పొయ్యితో నా పరిచయమంతా చలి కాచుకోవడమే.

మొదటి చిక్కు చంచా. మా ఇంట్లో చంచా లేదు. మేము చేత్తో తినేవాళ్ళం, చంచాతో మాకేం పని. వెతగ్గా వెతగ్గా ఉన్నవాటిలో చిన్నది అంబలి పోసే గంటె. చంచా అంటే మిలట్రీవాళ్ళు తమ గంటెను అలా అంటారేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మేము ఐదుగురం. మరిగే పాలలో ఐదు గంటెలు కుమ్మరించాను. ఐదో గంటె నిండలేదు. డబ్బా అయిపోయింది.

పొడి పాలలో కరగలేదు. ఎండిన చెరువులో మట్టిపెళ్ళల్లాగా పైన తేలింది. పెళ్ళను గంటెతో పొడిస్తే లోపలి నుంచి పొడి పొగలాగా లేచి నా ముఖం మీద పడింది. చక్కెర లేదు, రేషను. బెల్లం ఉంది. పెద్ద గడ్డ వేశాను. బెల్లం పడిందో లేదో పాలు విరిగిపోయాయి. ఇప్పుడు గిన్నెలో మూడు లోకాలున్నాయి: కింద నీళ్ళు, మధ్యలో విరుగుడు, పైన పెళ్ళలు.

మగ్గం గుంటలోంచి బాపు గొంతు. "సత్తిగా, ఏం వాసనరా అది?"

"ఏం లేదు బాపు."

"ఏం లేకుంటే గింత వాసనెట్లొస్తది? ఏందో మాడుతాంది."

"అన్నకు కషాయం కాస్తున్న."

"ఎవరు చెప్పిన్రు?"

"మందులాయన."

"ఏ మందులాయన?"

"తొవ్వల పొయ్యేటాయన."

బాపు మగ్గం ఆపలేదు. తొవ్వలో పోయే మందులాయన మీద ఆయనకున్న నమ్మకం ఎంతో ఆ మగ్గం చప్పుడులోనే తెలిసిపోయింది.

పాతగుడ్డలో వడగట్టాను. వడగట్టాక వచ్చినది వంటవాడి మగ్గులోని దానికి దూరపు చుట్టం కూడా కాదు. అయినా ఆశ చావలేదు. గ్లాసులో పోసి అన్న ముందు కూర్చున్నాను.

"అన్నా, జర తాగు. చలికి మంచిది."

అన్న గ్లాసు తీసుకున్నాడు. వద్దనే ఓపిక కూడా లేనట్టు ఒక పెద్ద గుక్క తాగాడు. అతని ముఖం ముందు ఎడమకు తిరిగింది, తరువాత కుడికి, తరువాత దేని దారి దానిదన్నట్టు ముక్కు ఒకవైపు, నోరు ఒకవైపు పోయాయి. కళ్ళలో నీళ్ళు. మింగాడు. గ్లాసు నా ముందు పెట్టాడు.

"క్యాంపుల గూడ నన్ను గింత గోస పెట్టలేదురా" అన్నాడు.

తిరిగి వచ్చాక అన్న నాతో అన్న మొదటి మాట అది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతని పెదవి చివర మాత్రం కొంచెం కదిలింది. నేను చూశాను. అది నవ్వేనని ఇప్పటికీ వాదిస్తాను.

అప్పుడే వీధిలో అమ్మ గొంతు వినిపించింది.

గిన్నె నిండా ఆ పదార్థం ఉంది. మోరీలో పోద్దామంటే వీధిలో అమ్మ. పెరట్లో పోద్దామంటే పోచయ్య తాత కోడలు అక్కడ పిడకలు ఏరుకుంటోంది. ఎటు చూసినా దారి లేదు. అన్న చూపు మళ్ళీ వీధి మీదికే పోయింది. మూలన, మూకుడు బోర్లించిన పెద్ద కుండ కనిపించింది. పొద్దున వదిన కాచిపెట్టిన గంజి. ఇంత గంజిలో ఇంత కలిస్తే ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. వడగట్టినది, వడగట్టగా మిగిలిన పెళ్ళలు, అన్న వదిలిన గ్లాసు, అంతా అందులో గుమ్మరించి తెడ్డుతో తిప్పాను. ఆ మసక వెలుతురులో గంజి గంజిలాగే ఉంది. మూకుడు పెట్టి, ముఖం తుడుచుకొని, మంచి పిల్లవాడిలా అరుగు మీద కూర్చున్నాను.

తెల్లవారకముందే పడుగు చాపాం. అది మామూలు పడుగు కాదు. ఊరికి తిరిగొచ్చాక మాకు దొరికిన మొదటి నూలు. దాని కోసం బాపు నల్గొండకు నాలుగుసార్లు తిరిగాడు. పాలలాంటి తెల్లటి దారం. ఆ రోజు ఇంకో విశేషం. అన్న లేచి వచ్చి, ఎవరూ అడగకుండా కుంచె పట్టుకున్నాడు. వదిన ముఖం చూడాలి. చీకటిలో కూడా వెలుగుతోంది.

అన్న ఒక చివర నుంచి, బాపు ఇంకో చివర నుంచి గంజి పట్టిస్తూ వచ్చారు. తూర్పున తెల్లబడింది. ఆ తెలుపులో అన్నీ తెల్లబడ్డాయి, మా పడుగు తప్ప.

బాపు కుంచె ఆపి దారాన్ని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. "ఇది గిట్లెందుకైంది?"

అమ్మ వచ్చింది. "గంజి మాడింది."

"మాడలేదత్తా. నేనే దింపిన, తెల్లగనే ఉండె" అంది వదిన.

పోచయ్య తాత ఊరికే ఉండలేదు. దారం మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "తియ్యగుందే" అన్నాడు.

బాపు వదిన వైపు తిరిగాడు. "గంజిల బెల్లం ఏసినవా బిడ్డా?"

"లే మామా. నేనెందుకేస్త?"

"మీ పాలమూరు దిక్కు గంజిల బెల్లమేస్తరా ఏంది?" అంది అమ్మ. "అయితే రేపు పప్పుల పసుపుకు బదులు నూలు కండె ఏస్తవా?"

వీధంతా నవ్వింది. ఈలోగా మొదటి మేక వచ్చింది. అది వచ్చి దారాన్ని ఒకసారి నాకి, తల ఎత్తి ఆలోచించి, వెనక్కి చూసి అరిచింది. మిగతావి కూడా వచ్చాయి. ఒకవైపు నుంచి తోలితే ఇంకోవైపు నుంచి వచ్చాయి. ఎర్రచీమలు పడుగు కర్ర మీదుగా వరుస కట్టాయి. ఎంతో నెమ్మదస్తులైన మా వీధి కుక్కలు కూడా వచ్చి రుచి చూసి, వాటికది నచ్చక, అయినా పోకుండా కూర్చున్నాయి.

అప్పుడు సడక్ మీదుగా ఇద్దరు జవాన్లు వచ్చారు. ఒకడు ఆగి గాలి పీల్చాడు. రెండోవాడూ పీల్చాడు. ఇద్దరూ తమ వంటగుడారం వైపు తిరిగి చూసి, మళ్ళీ మా పడుగు వైపు చూశారు. "యే ఖుష్బూ కహాఁ సే?" అని నన్నే అడిగాడు ఒకడు.

"ఏమంటున్నడురా?" అన్నాడు బాపు.

ఆ వాసన ఎక్కడిదని అడుగుతున్నాడని చెబితే నా కథ అక్కడే ముగిసేది. "గంజి మంచిగ కాచిన్రు అంటున్నడు బాపు" అన్నాను.

"వాడొక్కనికే నచ్చింది" అంది అమ్మ.

దారాలను కుంటలో జాడించి మళ్ళీ చాపాం. మచ్చలు పోలేదు. మేకలు నమిలినచోట్ల ముడులు పడ్డాయి. ఎలాగో నల్లరంగు వేయించి తువ్వాళ్ళు నేశాం. ఆ నెల రెండు పూటలా అంబలే. అమ్మకు ఆ కోపమంతా ఒక్క మనిషి మీదే పోయింది.

"నెలరోజులు మీ అమ్మకాడుండి గంజి కాచుడు నేర్చుకొనిరా."

"పోతే పోయిందిలే అమ్మా, ఊకో" అన్నాడు అన్న. వచ్చాక అతను అమ్మతో అంత పెద్ద మాట మాట్లాడటం అదే మొదలు. అయినా అమ్మ ఊకోలేదు.

వదిన తమ్ముడు వచ్చి తీసుకుపోయాడు. మూట పట్టుకొని సడక్ దాకా నేను పోయాను. బండి ఎక్కుతూ ఆమె ఆగింది. "సత్తయ్యా, నేను మంచిగనే కాచిన. నువ్వన్న నమ్ముతవా?"

నోటిదాకా వచ్చింది. క్యాంపు డబ్బా సంగతి పదిమందికి తెలిస్తే ప్రమాదమని అప్పుడు అనుకున్నాను. అది నిజమే, కాని నేను నోరు మూసుకున్నది దానికి కాదు. వీధంతా నన్ను చూసి నవ్వుతుందని.

"జర పైలం వదినా" అన్నాను. ఆమె తల దించుకొని బండిలో కూర్చుంది.

నెల తరువాత ఆమె తిరిగొచ్చింది. క్యాంపు పోయింది, గుట్టలు సద్దుమణిగాయి, మూడేళ్ళకు నాకు అండాలుతో పెళ్ళయింది. చెప్పాలంటే ఎన్ని సందర్భాలు రాలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు గంజి కథ ఎత్తుకునేవారు, నేను నవ్వేవాణ్ణి.

మొన్న అన్న చిన్నకూతురిని చూడటానికి పెళ్ళివారు వచ్చారు. వాళ్ళూ నేతవాళ్ళే. పిల్లవాడి తల్లి చాయ్ తాగుతూ అడిగింది. "పిల్లకు గంజి కాచుడొస్తదా, తల్లి తీరేనా?"

అందరూ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల దించుకున్న తల అచ్చం ఆనాడు బండి మీద వదిన తలలాగే ఉంది.

పెళ్ళివారు చాయ్ తాగుతుండగానే వదినను మగ్గాల అర్రలోకి పిలిచి అంతా చెప్పాను. డబ్బా, గంటె, పెళ్ళలు, కుండ, ఏదీ దాచలేదు. చెప్పి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "తప్పయింది వదినా. నేనే చేసిన. నువ్వు మంచిగనే కాచినవు."

ఆమె మగ్గం మీద తెగిన దారం ఒకటి ముడివేసింది. తరువాత, "ఆ నెలరోజులు రోజూ ఏడ్చిన సత్తయ్యా. మా అమ్మ గూడ నన్ను నమ్మలే. అది మాత్రం నీకు మాఫ్ చెయ్య" అంది.

తల ఊపాను.

"ఇంతకూ అది ఎట్లుంటది? మంచిగ చేస్తే?"

"మంచిగుంటది వదినా. లోపల గొంగడి కప్పినట్టు."

"ఊఁ" అంది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "చెప్తే చెప్పినవు గని ఇంకెవరికి చెప్పకు. ఆ పొద్దు సంది మీ అమ్మ నన్ను గంజి కుండ ముట్టనియ్యలే. పాతికేండ్లాయె, నేను కోడి కూసినంక లేస్తున్న. చెప్తివో, రేపటి సంది నన్ను లేపుతరు."

"మరి ఇన్నేండ్లు గంజి ఎవరు కాచిన్రక్కా?" అని వెనక నుంచి వినిపించింది.

అండాలు. నా భార్య. చేతిలో ఖాళీ చాయ్ గ్లాసులున్న పళ్ళెం. ఇరవై రెండేళ్ళుగా చీకటితో లేచి, పొగలో కళ్ళు తుడుచుకుంటూ, అక్కకు రాదు కదా పాపం అని రెండు మగ్గాలకూ తానొక్కతే గంజి కాచిన మనిషి.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. గ్లాసులు కింద పెట్టి, "పదుండ్రి" అంది. ఒక చెయ్యి వదినది పట్టుకుంది, ఇంకో చేత్తో నా రెక్క పట్టుకుంది, పెళ్ళివారి ముందు నిలబెట్టింది. "ఈన ఏందో చెప్తడట, వినుండ్రి."

చెప్పాను. మేకల దాకా వచ్చేసరికి పెళ్ళివారు పొట్ట పట్టుకున్నారు. అన్న మాత్రం, "అది కషాయం కాదా?" అని ఒక్కటే మాట అడిగి, పాతికేళ్ళ కిందటి గుక్క ఇప్పుడు దిగినట్టు ముఖం పెట్టాడు. అన్న కూతురు తల ఎత్తి తల్లిని చూసింది.

కాబట్టి ఇది చదువుతున్న చుట్టాలందరికీ మనవి చేసుకుంటున్నాను. మన్నెమ్మ వదిన కాచిన గంజి తెల్లటిది, చక్కటిది, అందులో ఏ లోపమూ లేదు. ఇకమీదట నవ్వదలచుకున్నవాళ్ళు నన్ను చూసి నవ్వాలి. మగ్గం మీదా, కుంచె మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను: ఎవరు ఏ దేశపు పొడి ఇచ్చినా, ఎవరి మాట పోయినా రాకున్నా, బతికి ఉండగా నేను కోకో కాయను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని కాచినా, పారబోయను. మొత్తం నేనే తాగుతాను.

గంజి మాత్రం ఇప్పుడు నేనే కాస్తున్నాను. మొదటి రోజు తెల్లవారుజామున పొగకు దగ్గుతూ తెడ్డు తిప్పుతుంటే అండాలు లేచి వచ్చి గడప మీద కూర్చుంది. ఆమెకు నేను ఇంకా ఏమీ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. వదినకు చెప్పాను, పెళ్ళివారికి చెప్పాను, ఊరందరికీ చెప్పాను.

"అండాలూ, తప్పు నాది. గోస నీది. మాఫ్ చెయ్యి" అన్నాను.

"అడుగంటుతాంది, తిప్పు" అంది.